నీళ్ళు పోసే చెయ్యి ఎవరిదైనా

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో క్యాథలిక్ చర్చి గురించి వచ్చిన వ్యాసం చదివాను. దానికి జవాబుగా ఒక క్యాథలిక్ సోదరుడు రాసిన ఉత్తరాన్ని మీరు పోయిన వారం వేశారు, అదీ చదివాను. “తమ చర్చి బయట ఉన్నవాళ్ళందరికీ నరకమేనని వీళ్ళ సిద్ధాంతం, మోక్షానికి లైసెన్సులిచ్చే ఆఫీసు రోములో ఉంది” అని వ్యాసకర్త రాశారు. “అదంతా పాతకాలం మాట, వాటికన్ మహాసభలో తీసేశారు, ఇప్పుడు మాకు అన్ని దారులూ ఒకటే” అని సోదరుడు సర్దిచెప్పారు. ఆయన చెప్పేది 1960లలో ప్రపంచంలోని మా బిషప్పులు రోములో కూడి జరిపిన రెండవ వాటికన్ మహాసభ గురించి. ఇద్దరి మాటా సరికాదు. మొదటాయన తెలియక రాశారు. రెండో ఆయన మొహమాటానికి పోయి రాశారు. నాకు రెండో ఉత్తరమే ఎక్కువ బాధ కలిగించింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను వేదశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. మా వాళ్ళు తరాలుగా ఆర్‌సీఎం, అంటే రోమన్ క్యాథలిక్కులు. మిషన్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సభ (మేం చర్చిని అలా అంటాం) బయట మోక్షం ఉందా లేదా అన్న ప్రశ్న నాకు డ్యూటీలోనే తగిలింది. నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డు ఒళ్ళు వెచ్చగా ఉంచే వార్మర్ మీద ఉంటుంది. ఊపిరి అందించే అంబూ బ్యాగ్ పట్టి ఎంత నొక్కినా రంగు తిరగదు. డాక్టరమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపుతుంది. క్యాథలిక్ కుటుంబమైతే బిడ్డ అమ్మమ్మో నాయనమ్మో తలుపు సందులోంచి “సిస్టర్, నీళ్ళు పోశారా?” అని అడుగుతుంది. ఆమె అడిగేది జ్ఞానస్నానం గురించి, అంటే నీళ్ళు పోసి సభలో చేర్చుకునే బాప్తిస్మం గురించి.

ఫాదర్ గారు వచ్చేదాకా ఆగే టైముండదు. సూది తీసేసిన సిరంజిలో గోరువెచ్చని స్టెరైల్ వాటర్ తీసుకుని బిడ్డ నుదుటి మీద పారేలా పోస్తూ, పేరు పెట్టి పిలిచి, “పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను” అనాలి. పేరు ఇంకా అనుకోకపోతే మరియ అనో జోసెఫ్ అనో పిలుస్తాం. నీళ్ళు చర్మం మీద పారాలి, తడిదూదితో అద్దితే చాలదు. నీళ్ళు పోసేదీ ఆ మాటలు అనేదీ ఒకే మనిషి అయివుండాలి. వెంటనే మెత్తగా ఒత్తి తుడిచేయాలి, లేకపోతే బిడ్డ ఒళ్ళు ఇంకా చల్లబడిపోతుంది. కొవ్వొత్తి, తెల్లబట్ట, తైలం, జ్ఞానతల్లిదండ్రులు ఏవీ ఉండవు. తర్వాత విచారణ (మా ఊరి చర్చి పరిధి) గురువులకు కబురు చేస్తే ఆయన రిజిస్టర్లో ఎక్కించుకుంటారు. బిడ్డ దేవుడి దయవల్ల బతికి బట్టకడితే మిగిలిన తంతు గుళ్ళో చేస్తారు గాని, నీళ్ళు మాత్రం మళ్ళీ పోయరు.

వ్యాసకర్తకు ఇది తెలియదనుకుంటాను. ప్రాణాపాయంలో ఆ నీళ్ళు పోయడానికి ఫాదర్ అక్కర్లేదు, మఠకన్య అక్కర్లేదు, క్యాథలిక్ కూడా అయివుండక్కర్లేదు. సభ చేసేదే నేనూ చేస్తున్నాను అన్న ఉద్దేశం ఉంటే చాలు, ఎవరైనా పోయవచ్చు. 1983 నాటి సభా చట్టంలో ఉన్న నియమం ఇది, దానికి చాలా శతాబ్దాల ముందు నుంచీ ఉన్నదే. మా వార్డులో రాత్రిపూట ఒక ఆయా ఉండేది. నిండుగా బొట్టు పెట్టుకునేది, శనివారం ఒంటిపూట ఉండేది, తిరుపతి లడ్డూ తెస్తే వార్డంతా పంచేది. ఒకసారి నేను రక్తస్రావమవుతున్న తల్లి దగ్గర కదల్లేని స్థితిలో ఉంటే పక్క టేబుల్ మీద బిడ్డకు ఆమే నీళ్ళు పోసింది. మాటలు నేను నేర్పినవే, ఒక్క అక్షరం పోకుండా అంది. మర్నాడు ఫాదర్ గారు వచ్చి ఆమెను రెండే అడిగారు, నీళ్ళు పారాయా, ఏ మాటలన్నావు అని. విని రిజిస్టర్లో రాసేశారు. ఆమె మతం రాయడానికి ఆ రిజిస్టర్లో గడి లేదు. లైసెన్సులిచ్చే ఆఫీసేదైనా తన స్టాంపు ఇలా దారినపోయేవాళ్ళ చేతికిస్తుందా?

ఇది దయతలచి ఇచ్చిన మినహాయింపని అనుకోకండి, దీని వెనక పెద్ద గొడవే జరిగింది. “సభ బయట రక్షణ లేదు” (రక్షణ అంటే మోక్షమే) అన్న మాటను అందరూ ఎవరి పేరున చెబుతారో ఆ సిప్రియన్ మూడో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరానికి బిషప్. ఆయన ఆ మాటను అన్యమతస్తుల గురించి అనలేదు. సభను చీల్చుకుని వేరుకుంపటి పెట్టుకున్న క్రైస్తవుల గురించి అన్నాడు. వాళ్ళిచ్చే జ్ఞానస్నానం చెల్లదు, వాళ్ళ దగ్గర్నుంచి వచ్చినవాళ్ళకు మళ్ళీ ఇవ్వాల్సిందే అని పట్టుబట్టాడు. అప్పటి పోపు మొదటి స్తెఫాను కుదరదన్నాడు. ఇచ్చేది క్రీస్తు, పోసిన చెయ్యి ఎవరిదైతేనేం అన్నది రోము పక్షం. 256 ప్రాంతంలో ఇద్దరికీ బాగా చెడింది. రెండేళ్ళు తిరక్కుండానే, 258లో, సిప్రియన్ వేదసాక్షిగా ప్రాణమిచ్చాడు, ఆయన్ని మేం పునీతుడిగా కొలుస్తాం. కానీ ఆ వాదంలో మాత్రం సభ ఆయన మాట తీసుకోలేదు. అందుకే ఇవాళ ప్రొటెస్టెంటు సంఘాలైన లూథరన్ నుంచో సీఎస్‌ఐ నుంచో ఎవరైనా మాలోకి వస్తే, త్రిత్వ (పిత, పుత్ర, పవిత్రాత్మ) నామంలో నీళ్ళతో జ్ఞానస్నానం అయివుంటే, మళ్ళీ ఇవ్వం. మా నుంచి వెళ్ళినవాళ్ళను కొన్ని స్వతంత్ర సంఘాలవాళ్ళు కాలువలో ముంచి మళ్ళీ బాప్తిస్మం ఇస్తారు. మా చుట్టాల్లోనే ఉన్నారు, వాళ్ళతో పేచీ లేదు. తలుపు ఎవరు గట్టిగా బిగించుకున్నారో పాఠకులే చూసుకోవచ్చు.

ఇక్కడితో ఆపితే మా సభను మెచ్చుకుంటూ రాసినట్టవుతుంది. ఈ నీళ్ళతోనే జరిగిన ఘోరం ఒకటి ఉంది, అది మా వాళ్ళు నోరెత్తని సంగతి. ఇటలీలోని బొలోన్యాలో ఎద్గార్దో మొర్తారా అని ఒక యూదు పిల్లవాడు. పసితనంలో జబ్బుపడితే ఇంట్లో పనిచేసే క్యాథలిక్ అమ్మాయి చచ్చిపోతాడేమోనని భయపడి ఎవరికీ చెప్పకుండా నీళ్ళు పోసింది. పిల్లవాడు బతికాడు. కొన్నేళ్ళకు ఈ సంగతి పొక్కింది. అప్పట్లో ఆ ఊరు పోపు పాలనలో ఉండేది, జ్ఞానస్నానం పొందిన బిడ్డను క్రైస్తవులు కానివారు పెంచకూడదని అక్కడి చట్టం. 1858 జూన్‌లో పోపు పోలీసులు వచ్చి ఆరేళ్ళ పిల్లవాణ్ణి అమ్మానాన్నల దగ్గర్నుంచి తీసుకుపోయారు. యూరప్ అంతా గగ్గోలు పెట్టినా తొమ్మిదో పయస్ పోపు తిరిగివ్వలేదు. ఆ పిల్లవాడు పెరిగి ఫాదర్ అయ్యాడు, 1940లో బెల్జియంలో పోయాడు. ఫాదర్ అయ్యాడు కదా అని ఆ పనిని సమర్థించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒడిలోంచి బిడ్డను లాక్కోవడం ఎలా ఉంటుందో కాన్పుల వార్డులో పనిచేసినదాన్ని, నా దగ్గర ఆ సమర్థన చెల్లదు.

అంతేకాదు, ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు తల్లిదండ్రులకు ఇష్టం లేకపోయినా, వాళ్ళు క్యాథలిక్కులు కాకపోయినా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు అన్న వాక్యం 1983 చట్టంలో 868వ నియమం కింద ఇప్పటికీ ఉంది. అది నాకు మింగుడుపడదు. అదే చట్టం 748వ నియమంలో మనస్సాక్షికి వ్యతిరేకంగా ఎవర్నీ ఈ విశ్వాసంలోకి బలవంతపెట్టకూడదు అంటుంది. నేను రెండోదే పట్టుకున్నాను. కన్నవాళ్ళు అడగందే నా చేత్తో ఒక్క చుక్క కూడా పోయలేదు. హిందూ తల్లి బిడ్డ పోతుంటే ఆ తల్లి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నా మనసులో ప్రార్థన చేసుకున్నాను, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఆసుపత్రులను చూపించి మతమార్పిడి అని రాసేవాళ్ళు ఇది కూడా గమనించాలి.

మరి ఆ హిందూ తల్లి బిడ్డ ఏమైనట్టు? ఆ తల్లి ఏమవుతుంది? వ్యాసకర్త లెక్క ప్రకారం మా సభ “నరకం” అని జవాబిచ్చి చేతులు దులుపుకోవాలి. కానీ మొర్తారా పిల్లవాణ్ణి అట్టిపెట్టుకున్న ఆ తొమ్మిదో పయస్ పోపే 1863లో ఇటలీ బిషప్పులకు రాసిన లేఖలో, తమ తప్పేమీ లేకుండా మన విశ్వాసం తెలియని వాళ్ళు, దేవుడు మనుషుల హృదయాల్లో రాసిన ధర్మాన్ని పాటించి నీతిగా బతికితే దేవుడి కృపతో నిత్యజీవం పొందగలరని చెప్పాడు. సభ బయట రక్షణ లేదన్న మాటనూ అదే లేఖలో మళ్ళీ చెప్పాడు. రెండూ ఒకే మనిషి, ఒకే కాగితం మీద. అందుకే 1960లలో మొహమాటపడి మార్చేసుకున్నారన్న మాట నేను ఒప్పుకోను.

అమెరికాలో బోస్టన్ నగరంలో లెనార్డ్ ఫీనీ అని ఒక యేసుసభ (జెసూట్) గురువు ఉండేవాడు. క్యాథలిక్‌గా చేరని ఎవరికీ మోక్షం లేదు, అంతే, అని గట్టిగా బోధించేవాడు. రోము నుంచి 1949లో బోస్టన్ ఆర్చ్‌బిషప్పుకు ఉత్తరం వచ్చింది, సభ చెప్పే మాటకు అర్థం అది కాదు, తెలియకుండానే దేవుడి చిత్తాన్ని కోరుకునేవాళ్ళ కోరిక కూడా లెక్కలోకి వస్తుంది అని. ఫీనీ తగ్గలేదు. రోముకు రమ్మంటే పోలేదు. ఆ అవిధేయత కింద 1953లో ఆయన్ని వెలివేశారు. సభ బయట ఎవరికీ మోక్షం లేదన్నాయన సభ బయట పడ్డాడు. చాలా ఏళ్ళకు, 1972లో, మళ్ళీ కలుపుకున్నారు. ముసలాయన 1978లో పోయాడు.

ఇవన్నీ అయ్యాకే రెండవ వాటికన్ మహాసభ 1964 నవంబరులో సభ గురించిన పత్రం ఇచ్చింది. సోదరుడు దాన్ని చదివినట్టు లేదు. అందులో 16వ భాగం గురించి అందరూ మాట్లాడతారు, క్రీస్తును ఎరగని మంచివాళ్ళకు కూడా రక్షణ ఉంది అని. దానికి ముందున్న 14వ భాగం గురించి ఎవరూ ఎత్తరు. దేవుడు క్రీస్తు ద్వారా ఈ సభను అవసరమైనదిగా స్థాపించాడని తెలిసి కూడా అందులో చేరననేవాడు, లేదా ఉండననేవాడు రక్షణ పొందలేడు. ఇది తీసేసిన మాట కాదు, సభ బోధలన్నీ కూర్చిన 1992 నాటి సత్యోపదేశ గ్రంథంలో 846వ అంశంలో అచ్చయి ఉంది. మరో మాట కూడా ఉంది. సభలో ఉండి కూడా ప్రేమలో నిలవనివాడు, ఒంటితో లోపలా మనసుతో బయటా ఉన్నవాడు, రక్షణ పొందడు, పైగా వాడికి తీర్పు మరింత కఠినంగా ఉంటుంది. ఆదివారం ముందు బెంచీలో కూర్చుని సోమవారం కోడలి ఉసురు పోసుకునేవాళ్ళ గురించి రాసిన వాక్యం అది. పూజలో దాని మీద ఒక్క ప్రసంగం కూడా నేను వినలేదు.

పోపు గారికి తప్పే రాదని నమ్ముతారంటూ వ్యాసకర్త ఎగతాళి చేశారు. 1870 జూలై 18న మొదటి వాటికన్ మహాసభ చెప్పింది చాలా ఇరుకైన సంగతి. విశ్వాసం, నీతి విషయాల్లో, సభ మొత్తానికీ గురువుగా, అందరూ దీన్ని తప్పక నమ్మాలి అని ఆయన నిర్ధారించి ప్రకటించినప్పుడు మాత్రమే. ఆ నిర్ణయం తర్వాత ఒక పోపు ఆ విధంగా ప్రకటించింది ఒక్కసారే, 1950 నవంబరు 1న పన్నెండో పయస్, మరియమాత ఆత్మశరీరాలతో పరలోకానికి చేరిందని. మేం ఆగస్టు 15న చేసుకునే మోక్షారోపణ పండుగ ఎన్నో శతాబ్దాలుగా జరుగుతున్నదే, దాని మీద ముద్ర వేశారంతే. మిగతా రోజుల్లో పోపు గారు మాట్లాడేదంతా గౌరవంగా వినాల్సిందే గాని, ప్రతి మాటా వేదవాక్కు కాదు. 2025 మే నెలలో కొత్త పోపును ఎన్నుకోవడానికి ఓట్లేసిన కార్డినళ్ళలో మన హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారూ ఉన్నారు. అది చూసి మా వీధి మురిసిపోయింది. అంతమాత్రాన ఎన్నికైన పద్నాలుగో లియో గారికి రేపటి వానల సంగతి తెలుస్తుందని మేమెవరం అనుకోవడం లేదు.

అధికారం గురించి ఇంకొక సంగతి. ఫలానా వారు పరలోకంలో ఉన్నారని ప్రకటించే అధికారం తనకుందని సభ అంటుంది, పునీతులుగా ప్రకటిస్తుంది. ఫలానావాడు నరకంలో ఉన్నాడని ఇప్పటిదాకా ఎవరి గురించీ ప్రకటించలేదు. యేసును పట్టిచ్చిన యూదా ఇస్కరియోతు గురించి కూడా.

ఇప్పుడు ఆ నీళ్ళు అందని మా బిడ్డల దగ్గరికి వస్తాను. కడుపులోనే పోయిన బిడ్డలు, నేను సిరంజి అందుకునేలోపే పోయినవాళ్ళు. వీళ్ళ కోసం మధ్యయుగాల్లో పండితులు లింబో అని ఒకటి ఊహించారు. బాధ ఉండదు, సుఖంగానే ఉంటారు, కానీ దేవుడి ముఖం చూడరు. సభ దాన్ని విశ్వాస సత్యంగా ఎన్నడూ నిర్ధారించలేదు. కానీ బోధించింది, జనం నమ్మారు. కొన్ని పల్లెల్లో అలాంటి బిడ్డలను సమాధుల తోటలో ఆశీర్వదించిన నేలలో పెట్టనిచ్చేవారు కాదు, కంచె పక్కనో బయటో పూడ్చేవారు. మా నాయనమ్మకు అలాంటి బిడ్డ ఒకడు ఉండేవాడు. సకల ఆత్మల పండుగనాడు అన్ని సమాధులకూ కొవ్వొత్తులు పెట్టి, చివర్న కంచె దగ్గరికి పోయి ఒకటి పెట్టి వచ్చేది. అక్కడ ఎవరున్నారని అడిగితే చెప్పేది కాదు. ఒక పెద్ద ఫాదర్ ఒకాయన (పేరెందుకు) నా కళ్ళముందే ఒక తల్లితో “లింబో అమ్మా, బాధేమీ ఉండదులే” అన్నారు ఓదార్పుగా. పచ్చి బాలింత, పాలు పడుతున్న మనిషి. “అయితే నేను చచ్చాక కూడా వాణ్ణి చూడనా అయ్యగారూ?” అంది. ఆయన దగ్గర జవాబు లేదు.

2007లో రోములోని అంతర్జాతీయ వేదశాస్త్ర కమిషన్ ఈ సంగతి మీద పెద్ద పత్రం వేసింది, పదహారో బెనెడిక్ట్ పోపు గారి ఆమోదంతో. ఆ బిడ్డలు రక్షణ పొంది దేవుణ్ణి చూస్తారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయి అంది. ఖచ్చితంగా తెలుసు అనలేదు. కొందరికి ఇది నీళ్ళు నమలడంలా అనిపించింది. నాకు మాత్రం అదే నచ్చింది. తనకు తెలియజెప్పింది ఇంత, అంతకు మించి చెప్పలేను, కానీ ఆశపడండి అని అంత పెద్ద అధికారం ఒప్పుకుంది. సత్యోపదేశంలో 1257వ అంశంలో ఒక వాక్యం ఉంది. దేవుడు రక్షణను జ్ఞానస్నానానికి ముడిపెట్టాడు, కానీ ఆయన మాత్రం తన సంస్కారాలకు (జ్ఞానస్నానం లాంటి పవిత్ర కార్యాలకు) కట్టుబడిపోయి లేడు. మా సభ అధికారమంతా ఆ వాక్యం మొదటి సగంలో ఉంది. రెండో సగం ఆమె చేతిలో లేదు, లేదని ఆమే చెబుతోంది.

అయితే ఆ రెండో సగాన్ని పట్టుకునే సోదరుడు అన్ని దారులూ ఒకటే అన్నారు. అన్నీ ఒకటే అయితే నేను రక్తం మరకల చేతి తొడుగులు పీకేసి సిరంజి కోసం ఎందుకు పరుగెత్తాలి? దేవుడు ఎలాగూ చూసుకుంటాడని నేనెప్పుడూ కూర్చోలేదు, ఆ అమ్మమ్మ తలుపు దగ్గర అలా ఊరుకోలేదు. బయటివాళ్ళను రక్షించేది కూడా క్రీస్తే, ఆయన శరీరమైన ఈ సభ ద్వారానే, వాళ్ళకు తెలిసినా తెలియకపోయినా అని మా విశ్వాసం. మీకు నచ్చకపోవచ్చు. నా పక్కింటి సాయిబు గారికి నచ్చదు, ఆయన విశ్వాసం నాకు నచ్చనట్టే. ఇద్దరం కరివేపాకు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాం. నమ్మని మాట నమ్మినట్టు చెప్పి మంచివాళ్ళమనిపించుకోవాల్సిన అవసరం మా ఇద్దరికీ రాలేదు.

ఒక్క పని సంగతి చెప్పి ముగిస్తాను, ఇది ఎక్కువమందికి తెలియదు. బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించాలని తల్లిదండ్రులు అనుకుని, ఈలోపే బిడ్డ పోతే, పీఠాధిపతి (బిషప్) అనుమతితో సభ పద్ధతిలో అంత్యక్రియలు జరిపించవచ్చు. 1183వ నియమం. అలాంటి బిడ్డల కోసం పూజ పుస్తకంలో వేరే ప్రార్థనలు కూడా ఉన్నాయి. సమాధుల తోటలో అందరి మధ్యా చోటు అడగండి. విచారణలో ఎవరైనా “కుదరదు” అంటే ఆ నంబరు చెప్పండి. అప్పటికీ కాదంటే బిషప్ గారి ఆఫీసుకు ఒక కాగితం రాయండి. రాయడం రాకపోతే ఊళ్ళో చదువుకున్న పిల్లలెవరిచేతనైనా రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు
ఏలూరు

(పేరు వేయవద్దని మనవి. పేషెంట్ల కుటుంబాలు గుర్తుపడతాయి.)